ఊరి పొలిమేరలో చిరుత జాడ కనిపిస్తే: మొదటి మూడు రాత్రులు ఎలా గడపాలి

2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివార్లలో, దివాన్‌చెరువు అడవి పక్కన చిరుత తిరిగింది. ఆ నెలాఖరుకి దాని జాడలు కడియం నర్సరీల్లో కనిపించాయి. కూలీలు పనికి రావడానికి భయపడ్డారు. అటవీ శాఖ వాళ్ళు ట్రాప్ కెమెరాలు (ముందు జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసేవి) బిగించారు, బోనులు పెట్టారు. మా వైపు ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే ప్రశ్న: “మన దగ్గర అడవెక్కడుందండీ, పులి రావడానికి?”

చిరుతకి అడవే ఉండాలని లేదు. పగలు పడుకోవడానికి నీడ, తాగడానికి నీళ్ళు, తినడానికి కుక్కో మేకో దొరికితే చాలు. గోదావరి డెల్టాలో ఈ మూడూ అడుగడుగునా ఉన్నాయి. అరటి తోటలు, కొబ్బరి కింద కోకో, రెండు బారల అవతల మనిషి కనిపించని నర్సరీలు, లంకల్లో రెల్లు దుబ్బులు. ఎగువన పాపికొండల జాతీయ వనం వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైగా ఉంది. అటునుంచి దిగితే మెట్టలో జీడిమామిడి, ఆయిల్‌పామ్ తోటలు, అవి దాటాక కాలువ గట్లు. రాత్రిపూట ఖాళీగా ఉండే గట్టు దానికి రాచబాట.

అలా దారి తప్పి వచ్చిన చిరుత, మనం గోల చేయకపోతే, చాలాసార్లు తన దారిన పోతుంది. ఈ కింద చెప్పేవన్నీ దానికి ఆ దారి వదలడం కోసమే. మూడు రాత్రులు అని ఎందుకన్నానంటే, అది శాస్త్రం చెప్పిన లెక్క కాదు. ఒక ఊరు ఊరంతా మాట మీద నిలబడగలిగేది, నేను చూసినంతలో, మూడు రాత్రులే. నాలుగో రోజుకి కుర్రాళ్ళు టార్చిలైట్లు పట్టుకుని బయల్దేరతారు.

ముందు అది ఏమిటో తేల్చుకోండి

మన వాళ్ళకి చారలున్నా పులే, మచ్చలున్నా పులే, చీకట్లో కళ్ళు మెరిస్తే పిల్లి కూడా పులే. అధికారికి ఫోన్ చేసి “పులి వచ్చిందండీ” అంటే ఆయనకి సగం సమాచారమే అందినట్టు. పెద్దపులి వేరు, చిరుత వేరు, వాటికి చేసే ఏర్పాట్లు కూడా వేరు. 2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పశువుల్ని చంపుతూ వారాల తరబడి తిరిగింది పెద్దపులి. కడియం వచ్చింది చిరుత.

అడుగు జాడ కనిపిస్తే దాని మీద నడవకండి, ఎవర్నీ నడవనివ్వకండి. పక్కన అగ్గిపెట్టో పది రూపాయల బిళ్ళో పెట్టి, నిలువుగా పైనుంచి ఫోటో తీయండి. కొలతకి ఏదీ పెట్టకుండా తీసిన ఫోటోలో కుక్క అడుగు కూడా ఏనుగు అడుగంత కనిపిస్తుంది. ఆ తర్వాత జాడ మీద ఒక బేసిన్‌గానీ ఖాళీ సిమెంటు తట్టగానీ బోర్లించి, పైన ఇటుక పెట్టండి. వానొచ్చినా, కోళ్ళు తిరిగినా అది చెరిగిపోదు.

ఇప్పుడు జాడ చూడండి. కుక్క జాత అయితే వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు పడతాయి, అడుగు కాస్త పొడవుగా ఉంటుంది. పిల్లి జాత అయితే గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి నాలుగు వేళ్ళు, వెనక ఒక మెత్త మాత్రమే పడతాయి, మొత్తం గుండ్రంగా ఉంటుంది. ఆ మెత్త వెనక అంచు మూడు బుడిపెలుగా ఉంటుంది. చిరుత అడుగు దాదాపు 7 నుంచి 9 సెంటీమీటర్ల వెడల్పు, అరచేతిలో ఇమిడిపోతుంది. పెద్దపులి అడుగు అరచేతిని దాటుతుంది.

మన డెల్టాలో ఇక్కడే ఒక చిక్కుంది. మెట్టలో జాడ దుమ్ములో పడుతుంది, అచ్చు దిగినట్టు ఉంటుంది. మన దగ్గర దమ్ము చేసిన చేలో, బోదె బురదలో పడుతుంది. బురదలో అడుగు విచ్చుకుంటుంది, మర్నాటికి నీరూరి ఇంకా పెద్దదవుతుంది. జారుడు నేలలో పిల్లి జాత కూడా పట్టు కోసం గోళ్ళు దించుతుంది. కాబట్టి బురదలో పడిన ఒక్క అడుగు చూసి తీర్పు చెప్పకండి. అదే జాడ వెంట వెనక్కి పదడుగులు వేసి, గట్టు మీద గట్టి నేలలో పడిన అడుగు వెతకండి. వెనక్కి అంటే అది వచ్చిన వైపుకి. వెళ్ళిన వైపుకి పొరపాటున కూడా పోవద్దు.

తీరం వైపు వాళ్ళకి ఇంకో మాట. తాళ్ళరేవు, ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాల్లో “చిరుత పిల్ల” అని ఫోన్ వస్తే ముందు బావురుపిల్లిని, అంటే చేపలు తినే అడవిపిల్లిని, అనుమానించండి. కోరింగ మడ అడవుల్లో 2018 లెక్కింపులో 115 బావురుపిల్లులు తేలాయి. ఒంటి మీద మచ్చలుంటాయి, మనిషిని చూసి గుర్రుమంటుంది, రొయ్యల చెరువు గట్టు మీద రాత్రిపూట హఠాత్తుగా కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. తేడా తోకలో ఉంది. చిరుత తోక నేల దాకా వేలాడేంత పొడుగు, చివర పైకి వంపు తిరిగి ఉంటుంది. బావురుపిల్లి తోక పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. చిరుత మచ్చలు గుండ్రంగా, మధ్యలో ఖాళీ ఉన్న పువ్వుల్లా ఉంటాయి. దీనివి వీపు మీద వరసల్లో పడిన చుక్కలు. అది మనిషి జోలికి రాదు, చేపలు తింటుంది. దాన్ని చంపినా చిరుతని చంపినంత నేరమే. చెరువులో చేప పోతోందని బాధగా ఉంటే పిల్ల చెరువు వరకు వల చుట్టుకోండి. పెద్ద చెరువుకి ఆ ఖర్చు దండగ.

ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి

మొదటి ఫోన్ అటవీ శాఖ బీట్ ఆఫీసరుకి. మన ఊళ్ళు చాలావాటికి బీట్ ఆఫీసరు ఎవరో కూడా తెలియదు, ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి. ఇది చదువుతున్న రోజే గ్రామ సచివాలయంలో అడిగి, బీట్ ఆఫీసరు, రేంజ్ ఆఫీసు నంబర్లు తీసుకుని ఫోన్‌లో వేసుకోండి. అవి దొరకని రాత్రి 112కి చేయండి. పోలీసులు అటవీ శాఖకి చేరవేస్తారు, పైగా జనాన్ని ఆపాలంటే వాళ్ళు కావాలి. రెండో ఫోన్ సర్పంచి గారికి.

చెప్పాల్సినవి: ఎప్పుడు చూశారు, ఎక్కడ చూశారు, ఎటు వెళ్ళింది, ఎవరు కళ్ళారా చూశారు, ఎవరు విన్నారు. ఈ చివరిది ముఖ్యం. “మా బావ చూశాడండి” అంటే ఆ బావ గారి నంబరు కూడా ఇవ్వండి. చోటు చెప్పేటప్పుడు “ఫలానా వారి తోట దగ్గర” అంటే బయటి నుంచి వచ్చే అధికారికి అర్థం కాదు. ఫోన్‌లో లొకేషన్ పంపించండి. సీసీ కెమెరాలున్న ఇళ్ళు, రైసు మిల్లులు, పెట్రోలు బంకులు ఏవో చెప్పండి. రికార్డింగు కొన్నాళ్ళకి దానంతటదే చెరిగిపోతుంది, అందుకని ఆ పూటే దాచమనండి.

వాట్సాప్ గ్రూపులో వేసే ముందు ఆగండి. నేను ఒకసారి ఆగకుండా వేశాను. తీరా చూస్తే ఆ వీడియో మన రాష్ట్రంది కూడా కాదు, వెనక కొండ కనిపిస్తోంది, మనకి కొండెక్కడిది! ఆ సాయంత్రం రెండు ఊళ్ళు తలుపులు వేసుకున్నాయి. మా బాబాయి ఇప్పటికీ నన్ను “పులి రిపోర్టరు” అనే పిలుస్తాడు. ఇప్పుడు కంప్యూటరు చేసిన బొమ్మలు కూడా వచ్చాయి, అవి మరీ టెన్షన్. ఊరికి ఒక్కరిని పెట్టుకోండి, పంచాయతీ కార్యదర్శో, నలుగురూ నమ్మే మాస్టారో. ఆయన చెప్పిందే వార్త, మిగతాది గాలి.

మొదటి సాయంత్రం: చిరుతని కాదు, జనాన్ని ఆపండి

మన దేశంలో చిరుత చేతిలో గాయపడినవాళ్ళ కథలు వింటుంటే ఒకటి తరచూ వస్తుంది. అది పొదలో నక్కి ఉంటుంది. చుట్టూ వందల మంది. ఒకడు రాయి వేస్తాడు. దానికి పారిపోవడానికి సందు లేదు. అప్పుడు ఎదురుగా ఉన్నవాడి మీద నుంచి దూకుతుంది. చిరుత ఆ పొదలో చీకటి పడేదాకా పడుకునే ఉండేది, చీకటి పడ్డాక వెళ్ళిపోయేది.

పగలు అది ఏదైనా తోటలో ఉందని గట్టిగా తెలిస్తే, తోట చుట్టూ మూగకండి. మూడు వైపులా దూరంగా, కనీసం రెండు మూడు వందల గజాల అవతల జనాన్ని నిలపండి. నాలుగో వైపు, అంటే కాలువ గట్టుకో మురుగు కాలువకో ఖాళీ చేలకో దారి ఉన్న వైపు, పూర్తిగా ఖాళీ చేయండి. బైకులు లేకుండా, లైట్లు లేకుండా. ఆ వైపు ఇళ్ళుంటే వాళ్ళని లోపల ఉండమనండి. టపాకాయలు కాల్చి “తరిమేద్దాం” అనేవాళ్ళు ఉంటారు. ఎటు తరుముతున్నారో వాళ్ళకీ తెలియదు, పక్క ఊళ్ళోకి తరిమితే అది మీ వాళ్ళ వియ్యంకుల ఊరే అవుతుంది.

పరిస్థితి ముదిరితే అధికారులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద జనం గుమిగూడకుండా ఆంక్షలు పెట్టొచ్చు, మనకి అలవాటైన మాటలో 144 అన్నమాట. అది పెట్టేదాకా ఆగక్కర్లేదు. గుళ్ళో మైకు ఉంది కదా. పొద్దు కుంకే ముందు ఇలా చెప్పించండి:

“గ్రామ ప్రజలకు మనవి. ఊరికి పడమర వైపు చిరుత జాడ కనిపించింది. అటవీ శాఖ వారికి చెప్పాం, వస్తున్నారు. చూడటానికి ఎవరూ వెళ్ళొద్దు. చీకటి పడ్డాక కాలువ గట్టు మీదికి, పుంతదారిలోకి ఎవరూ వెళ్ళొద్దు. పిల్లల్ని, దూడల్ని, మేకల్ని లోపల పెట్టుకోండి. అరుగుల మీద, డాబాల మీద పడుకోవద్దు. రేపు ఉదయం ఏడు గంటలకి మళ్ళీ చెబుతాం.”

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మళ్ళీ ఎప్పుడు కబురొస్తుందో తెలిస్తే జనం ఇంట్లో ఉంటారు. తెలియకపోతే కనుక్కోవడానికి రోడ్డు మీదికి వస్తారు. ఏడింటికి కొత్తగా చెప్పడానికేమీ లేకపోయినా “రాత్రి ఏమీ కనిపించలేదు” అని చెప్పించండి. రెండు సార్లు మాట తప్పితే నాన్నా పులి కథే, మూడోసారి మైకు ఎవరూ వినరు.

మకాంలు, పాకలు, మేకల దొడ్లు

చిరుత మనిషి కోసం ఊళ్ళోకి రాదు. కుక్క కోసం, మేక కోసం, దూడ కోసం వస్తుంది. కాబట్టి అసలు పని ఇక్కడుంది, ఆ మొదటి రాత్రి లోపే.

పొలం మకాంలో ఉన్న పాడి పశువులన్నిటినీ ఊళ్ళోకి తోలుకు రావడం కుదరదు, తెలుసు. పెద్ద గేదె జోలికి చిరుత సాధారణంగా పోదు. దూడల్ని, పెయ్యల్ని, మేకల్ని, గొర్రెల్ని మాత్రం ఇంటికి తెచ్చేయండి. వంటింటి పక్క గదైనా సరే, మూడు రాత్రులే. అవి లోపల చేసే గలీజు గురించి ఇంట్లో ఆడవాళ్ళతో ముందే ఒప్పందం చేసుకోండి. కడగడం మగవాళ్ళ వంతు.

తేలేనివాళ్ళు ఉన్నచోటే కట్టుదిట్టం చేసుకోవాలి. తాటాకు దడి చిరుతకి అడ్డే కాదు, పంజాతో చీల్చేస్తుంది. ఎత్తు గోడ కట్టి పైకప్పు వదిలేస్తే ఇంకా ప్రమాదం. చిరుత గోడ ఎక్కి లోపలికి దూకుతుంది. లోపల తప్పించుకోలేని మేకలు బెదిరి గెంతుతుంటే ఒకదాన్ని చంపి ఊరుకోదు, కదిలినవాటినన్నిటినీ చంపుతుంది. పొద్దున్నే పది మేకలు చచ్చిపడి, ఒక్కటీ తినకుండా ఉంటే అదేదో పగబట్టిందని అనుకుంటారు. పగా లేదు, పాడూ లేదు. కప్పు లేని దొడ్డి చేసిన పని అది.

కోళ్ళ గూటికి వాడే సన్న జాలీ పనికిరాదు, చేతితో లాగినా వస్తుంది. చేపల చెరువుల చుట్టూ వేసే గట్టి చైన్‌లింక్ కంచె కావాలి, కన్ను రెండంగుళాలు మించకుండా. నాలుగు పక్కలా, పైనా కూడా. కింద అంచుని నేలలో అడుగు లోతు పాతండి, లేదా అంచు వెంట బండరాళ్ళు పేర్చండి. తలుపుకి గొళ్ళెం పెట్టాలి, తాడు కట్టడం కాదు. ఇది డబ్బున్న పనే. ఒక్కరి వల్ల కాకపోతే ఆ పుంత మీది నాలుగు మకాంల వాళ్ళు కలిసి ఒక్క గట్టి దొడ్డి వేసుకోండి.

లైటు ఒక రాత్రి, రెండు రాత్రులు పనిచేస్తుంది. వెలిగి ఆరే లైటు ఇంకొంచెం ఎక్కువ. రేడియో పెట్టి వదిలేయడం కూడా అంతే. తర్వాత దానికి అలవాటైపోతుంది. మూడు రాత్రులకి చాలు కాబట్టి వాడుకోండి, దాని మీదే ఆధారపడకండి.

కాపలా కుక్కని మకాం బయట గొలుసుతో కట్టి వదిలేయకండి. ఆ కుక్క మిమ్మల్ని లేపే లోపు అదే ఆహారమవుతుంది, రెండో రాత్రి చిరుత మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. పందుల కోసమని చేల చుట్టూ కరెంటు తీగ లాగే అలవాటు కొందరికి ఉంది. చిరుత భయంతో ఆ రాత్రి ఇంకా నలుగురు లాగుతారు. మన నేల ఎప్పుడూ తడి. ఆ తీగకి చిరుత కంటే ముందు దొరికేది తెల్లవారుజామున నీరు కట్టడానికి వెళ్ళే పాలేరు.

పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళు

ఊరంతా తలుపులు వేసుకోమని చెప్పడం తేలిక. డెల్టాలో సగం పని చీకట్లోనే మొదలవుతుంది. నర్సరీకి కూలీలు తెల్లవారకముందే ఆటో ఎక్కుతారు. కల్లు గీసేవాళ్ళు నాలుగింటికే లేస్తారు. పాలు పిండేవాళ్ళు, చేపల చెరువుకి కాపలా పడుకునేవాళ్ళు, వంతు వచ్చిందని అర్ధరాత్రి నీరు పెట్టేవాళ్ళు. వీళ్ళలో ఎక్కువ మంది రోజు కూలీలు. మూడు రోజులు ఇంట్లో ఉండమంటే మూడు రోజులు తినొద్దన్నట్టే. అందుకే యజమానులతో ముందు మాట్లాడండి: పని ఏడింటికి మొదలుపెట్టి, నాలుగున్నరకి వదిలేయండి, కూలి మాత్రం కోయకండి. నర్సరీ యజమానులు గొణుగుతారు. మొక్కలకి నీళ్ళు ఆగకూడదు, నిజమే, కానీ ఏడింటికి పోసినా అవి బతుకుతాయి.

వెళ్ళేటప్పుడు ఇద్దరు ముగ్గురుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. ఫోన్‌లో పాటలు పెట్టుకోండి, చెవుల్లో కాదు, బయటికి వినిపించేలా. చిరుతకి మన చప్పుడు ముందే వినపడితే తప్పుకుంటుంది. తోటలోకి దిగే ముందు డబ్బా కొట్టండి, కాసేపు ఆగి దిగండి. వంగి కలుపు తీసేవాళ్ళు, కూర్చుని అంట్లు కట్టేవాళ్ళు ఒకరికొకరు వీపు ఆనించినట్టు వేర్వేరు వైపులకి తిరిగి కూర్చోండి. కూర్చున్న మనిషి, వంగిన మనిషి దాని కంటికి నాలుగు కాళ్ళ జంతువులా కనిపిస్తాడు. బయటికి వెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళకి కూడా ఇదే ప్రమాదం, ఆ మూడు రోజులూ పక్కింటి మరుగుదొడ్డయినా వాడుకోండి. మొహమాటపడే సమయం కాదు.

చిన్నపిల్లల్ని తోటకి తీసుకెళ్ళకండి, చెట్టుకి ఉయ్యాల కట్టి పనిచేసుకునే అలవాటుంటే అసలే వద్దు. అంగన్‌వాడీలో దింపండి. బడికి నడిచి వెళ్ళే పిల్లల్ని ఒక పెద్దమనిషి గుంపుగా తీసుకెళ్ళాలి.

ఎదురుపడితే

పరిగెత్తకండి, కూర్చోకండి, వెనక్కి తిరగకండి. నిటారుగా నిలబడి, చేతులు పైకెత్తి, తువ్వాలుంటే రెండు చేతులతో విప్పి పట్టుకుని గట్టిగా అరవండి. పక్కన పిల్లాడుంటే వంగకుండా ఎత్తుకోండి. దాని మీద చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి అడుగులు వేయండి. అది పోవడానికి దారి ఎటుందో చూసి, ఆ దారికి అడ్డం రాకండి.

ఇంట్లోకో కొట్టంలోకో దూరితే బయట నుంచి తలుపు వేసి గడియ పెట్టండి, కిటికీలోంచి ఫోటోలు తీయకండి. తలుపు మూసిన గదిలో అది నిశ్శబ్దంగా ఉంటుంది. మత్తు సూది వేసే వాళ్ళు వచ్చేదాకా గంటలు పడుతుంది. సూది పడగానే పడిపోతుందని సినిమాలో చూపిస్తారు. నిజంగా పడిపోవడానికి చాలా నిమిషాలు పడుతుంది, ఆ లోపు అది ఎటైనా పరిగెత్తొచ్చు.

గీరుకున్నా, కరిచినా, ఎంత చిన్న గాయమైనా సబ్బు పెట్టి పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఏ జంతువో చెప్పండి. రేబిస్ టీకాలు, ధనుర్వాతం సూది తప్పనిసరి. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, అది అన్ని చోట్లా ఉండదు, బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పశువు పోతే

కడుపు మండుతుంది. ఆ మంటలో చేసే మొదటి పని కళేబరం మీద పురుగుమందు చల్లడం. అలా చేయకండి. ఆ మాంసం ముందుగా తినేది ఊరకుక్కలు, కాకులు, గద్దలు. చిరుత చస్తే అది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూలు (అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా) జంతువు. 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25 వేల జరిమానా. పరిహారం రావాల్సిన మనిషి ముద్దాయి అవుతాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణకి కొడితే అది నేరం కాదని అదే చట్టం చెబుతోంది. కాపు కాసి చంపడం ఆత్మరక్షణ కిందికి రాదు.

కళేబరాన్ని కదపకండి, ఈడ్చుకుపోయిన గుర్తులు చెరపకండి. గొంతు దగ్గర కోరల గాట్లు, పశువు చెవికి ట్యాగ్ ఉంటే అది, చుట్టూ జాడలు, అన్నీ ఫోటోలు తీయండి. బీట్ ఆఫీసరు, పశువైద్యుడు చూసి రాసేదాకా పూడ్చొద్దు. ఆ కాగితాల మీదే పరిహారం ఆధారపడి ఉంటుంది. దరఖాస్తు ఇచ్చాక నకలు మీద స్టాంపు వేయించుకోండి. నకలు లేక ఏడాది తిరిగినవాళ్ళని ఎరుగుదును. మనిషి ప్రాణం పోతే ఇచ్చే సాయాన్ని కేంద్ర పథకాల కింద 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు.

అధికారులు చూసి వెళ్ళాక ఏం చేయాలన్నది చోటుని బట్టి ఉంటుంది. చిరుత తను చంపిన దాని దగ్గరికి చాలాసార్లు మరుసటి రాత్రి తిరిగి వస్తుంది. కళేబరం ఇళ్ళకి దూరంగా, చేల మధ్య ఉంటే అక్కడే వదిలేయడం మంచిది. తీసేస్తే ఆకలితో ఇంకో దొడ్డి వెతుక్కుంటుంది. ఇళ్ళ మధ్య ఉంటే అటవీ శాఖ వాళ్ళనే అడిగి తీయించండి.

“బోను పెట్టి పట్టుకుపోరేమండీ?”

రెండో రోజుకి రోడ్డు మీద బైఠాయించి అడిగే ప్రశ్న ఇది. చిరుతని పట్టాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, బీట్ ఆఫీసరు చేతిలో ఉన్న పని కాదు. బోను పెట్టినా అది ఎక్కుతుందన్న నమ్మకం లేదు. ప్రత్తిపాడు వైపు పెద్దపులి బోనుల చుట్టూ తిరిగి పోయింది తప్ప లోపలికి అడుగు పెట్టలేదు.

పట్టి ఎక్కడో వదిలేయడం వల్ల ఏమవుతుందో మహారాష్ట్రలో జున్నార్ వాళ్ళు చూశారు. అక్కడ చెరకు తోటల్లోంచి చిరుతల్ని పట్టి దూరపు అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ, మరి కొందరు పరిశోధకులు లెక్క తీస్తే, ఆ వదలడం మొదలయ్యాక మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కి పెరిగాయని తేలింది. అదే మహారాష్ట్రలో అకోలె వైపు చిరుతలు తోటల మధ్యే ఉంటున్నా మనుషుల జోలికి రావడం అరుదు. కొత్తచోట దిగబడ్డ జంతువు బెదిరిపోయి ఉంటుంది, ఇంటిదారి పట్టి తెలియని ఊళ్ళ మధ్యనుంచి నడుస్తుంది.

కాబట్టి మనిషి మీద దాడి జరిగితే బోను అడగండి, గట్టిగా అడగండి. మేక పోయిందని బోను అడిగే ముందు ట్రాప్ కెమెరాలు అడగండి. అది ఇంకా ఇక్కడే ఉందో పోయిందో చెప్పేది కెమెరానే. బోను పెట్టిన చోటుకి పిల్లల్ని వేసుకుని తిరునాళ్ళకి వెళ్ళినట్టు వెళ్ళకండి. లోపల ఎరగా కట్టిన మేక అరుపు కంటే బయట మన అరుపు ఎక్కువైతే ఏ చిరుతా రాదు.

లంకల్లో అయితే

చిరుతకి ఈత వచ్చు, గోదారి పాయ దానికి పెద్ద అడ్డు కాదు. లంకలో జాడ పడితే పడవలో తిరిగి రావడం సాయంత్రం నాలుగింటికే ముగించండి. రెల్లు తగలబెట్టి బయటికి రప్పిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లంకలో గాలి ఏ క్షణాన ఎటు తిరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, పాకలు అంటుకుంటాయి. వరద రోజుల్లో మనుషులు, పశువులు, పాములు, అన్నీ ఎత్తు దిబ్బ మీదికే చేరతాయి. అప్పుడు జాడ కనిపిస్తే ముందుగా ఆ దిబ్బ ఖాళీ చేయించమని వరద సహాయక సిబ్బందికి చెప్పండి.

మూడో రాత్రి దాటాక

జాడ లేదు, కెమెరాలో పడలేదు, కుక్కలు మామూలుగా మొరుగుతున్నాయి. అప్పుడు మైకులో ఆంక్షలు తీసేసినట్టు స్పష్టంగా చెప్పించండి. చెప్పకపోతే భయం నెలల తరబడి ఉండిపోతుంది, కూలీ దొరకదు, సాయంత్రం ట్యూషన్ ఆగిపోతుంది. దొడ్డి కప్పు మిగిలిపోతే అప్పుడు పూర్తి చేయండి, చిరుత పోయింది కదా అని వదిలేయకుండా.

ఇంకో పని ఉంది, చేయాలంటే ఊళ్ళో కాస్త గొడవపడాలి. కాలువ గట్టు మీద చికెన్ దుకాణాల వాళ్ళు రాత్రిపూట పారబోసే వ్యర్థాల కుప్ప మీ ఊరి పక్కన కూడా ఉండే ఉంటుంది. కొన్నిచోట్ల అదే సరుకు చేపల చెరువులకి మేతగా కూడా పోతోంది, అది చేయకూడని పనని తెలిసినా. ఆ కుప్ప చుట్టూ ముప్పై నలభై కుక్కలు పెరుగుతాయి. గట్టు వెంట నడిచొచ్చే చిరుతకి అది దారిలో హోటలు. పంచాయతీలో ఈ మాట ఎత్తితే “ఎవరి వ్యాపారం మీద పడతారండీ” అంటారు. చిరుత వచ్చి వెళ్ళిన వారంలో అయితే వింటారు. ఆ వారంలోనే గ్రామసభ పెట్టించి, దుకాణాల వాళ్ళని పిలిపించి, వ్యర్థాలు ఎక్కడ పూడ్చాలో చోటు చూపించి, కుక్కలకి సంతాన నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించమని పశుసంవర్ధక శాఖకి అర్జీ పెట్టండి. రెండో వారానికి అందరూ దాళ్వా (రబీ వరి) నారుమళ్ళ గొడవలో పడిపోతారు.